ఎమ్మాయు ఎక్కడ? లూకా 24:13లోని “ఆమడ”పై ఒక పరిశీలన

లూకా సువార్తికుడు ఎమ్మాయును ఒక్కసారి పేర్కొని విడిచిపెట్టాడు. పాత నిబంధనలో ఆ పేరు లేదు. మార్కు 16:12లో ఇద్దరు శిష్యులు పల్లెటూరికి నడిచివెళ్లిన ప్రస్తావన ఉన్నా, ఆ ఊరి పేరు లేదు. కాబట్టి ఈ గ్రామాన్ని వెదకేవారికి లేఖనము ఇచ్చే ఆధారాలు ప్రధానంగా రెండు: పేరు, యెరూషలేము నుండి దూరము. ఏ ఆధారానికి ఎంత బరువివ్వాలన్న దగ్గరే పండితులు విడిపోయారు. మన బైబిళ్ల వెనుక ఉండే పటాలు మాత్రం ఈ వివాదాన్ని దాచి, ఒక్క చుక్క పెట్టి ఊరుకుంటాయి. ఆ చుక్కను నమ్మి ప్రసంగము సిద్ధపరచే కాపరులు ఈ విషయమును కొంచెం లోతుగా చూడవలసియున్నది.

మొదట దూరము సంగతి. మూలభాషలో ఉన్నది “అరువది స్టాడియములు”. ఒక స్టాడియము సుమారు 185 మీటర్లు గనుక ఇది 11 కిలోమీటర్ల పైచిలుకు. మన పాత తెలుగు అనువాదము దీనిని “ఆమడ” అన్నది. ఇది లెక్కలేని పల్లెమాట అని కొందరు విద్యార్థులు తేలికగా తీసివేస్తారు. అది సరికాదు. యోహాను 11:18లో బేతనియకు చెప్పిన పదునైదు స్టాడియములను అదే అనువాదము “కోసెడు” అన్నది. నాలుగు కోసులు ఒక ఆమడ. నాలుగు పదునైదులు అరువది. యోహాను 6:19లో ఇరువది ఐదు, ముప్పది స్టాడియములు రెండు కోసులైనవి కూడా ఈ లెక్కలోనే. అనువాదకులు మన జనుల కొలతను ఎన్నుకొని, దానిని నిలకడగా వాడారు. నేటి మైళ్లకు ఆమడ కొంచెం ఎక్కువే వస్తుంది, కాని ఆ తేడా మన వాదానికి అడ్డము రాదు.

అసలు చిక్కు వ్రాతప్రతులలో ఉన్నది. నాలుగవ శతాబ్దపు సీనాయి ప్రతిలో “నూట అరువది” అని ఉన్నది. అంటే దాదాపు 30 కిలోమీటర్లు. యెరూషలేముకు పడమట ఇంచుమించు అంత దూరములోనే ప్రసిద్ధమైన ఎమ్మాయు పట్టణము ఉండేది. యూదా మక్కబీ గొర్గియ సైన్యమును ఓడించినది అక్కడే (1 మక్కబీ 4). మూడవ శతాబ్దములో దానికి నికొపొలి అని పేరు వచ్చింది. యూసేబియస్, జెరోము లూకా చెప్పిన గ్రామము ఇదేనన్నారు. 1967 యుద్ధకాలములో నేలమట్టమైన ఇమ్వాస్ అనే అరబ్బు గ్రామము ఆ ప్రాచీన నామమును అంతవరకు మోసింది. పేరు విషయములో దీనికి పోటీ లేదు.

అయినా నా అభిప్రాయములో ఈ గుర్తింపు నిలువదు. మూడవ శతాబ్దానికి చెందినదని సాధారణంగా ఎంచబడే పపైరస్ 75లోను, వాటికన్ ప్రతిలోను “అరువది” అనే ఉన్నది. నడక అసాధ్యమని తోచిన లేఖకుడెవరో నూట అరువదిని అరువదిగా తగ్గించాడని వాదించేవారున్నారు. దానికంటె, నికొపొలిని ఎరిగిన లేఖకుడు ఆ ఊరికి సరిపడునట్లు అంకెను పెంచాడనుట సులభము. కథను కూడా చూడండి. పొద్దు వాలిన వేళ ఇంటికి చేరి, భోజనమునకు కూర్చుండి, ఆ గడియలోనే లేచి తిరిగివచ్చారు (24:29-33). మా రఘునాథపల్లి నుండి జనగామకు నడిచిపోయి ఆ రాత్రే తిరిగి రావడం ఒక లెక్క. కాజీపేట దాకా పోయి రావడం వేరే లెక్క. రెండవది మనిషికి సాధ్యమే, పూర్వపు పెద్దలు నడిచినవారే. కాని పదకొండుగురు ఇంకా కూడియుండి మాటలాడుకొనుచుండిరని లూకా చెప్పిన తీరుకు అది అతకదు.

అరువది సరే, అయితే ఏ ఊరు? యెరూషలేముకు ముప్పది స్టాడియముల దూరములో ఎమ్మాయు అనే చోట ఎనిమిది వందలమంది రోమా సైనికులకు నివాసమిచ్చినట్లు యోసేపస్ వ్రాశాడు. అది నేటి మోత్సా ప్రాంతము. పేరు ఉన్నది, కాలము సరిపోయింది, దూరము మాత్రం సగమే. లూకా రానుపోను దూరము చెప్పాడని సర్దిచెప్పేవారితో నేను ఏకీభవించను. వాక్యము “యెరూషలేమునకు” ఎంత దూరమో చెప్పుచున్నది. మధ్యయుగపు యాత్రికులు మొక్కిన అబూఘోష్, ఫ్రాన్సిస్కనులు నిలబెట్టిన ఎల్ కుబైబా దూరానికి సరిపోతాయి గాని, అక్కడ ఆ పేరుకు ప్రాచీన సాక్ష్యము లేదు.

ఇశ్రాయేల్ ఫింకెల్‌స్టీన్, థామస్ రోమర్ అను పండితులు కిర్యత్యారీము దిబ్బపై 2017లో త్రవ్వకాలు ఆరంభించి, 2019లో అదే ఎమ్మాయు అని ప్రతిపాదించారు. మందసము ఇరువది ఏండ్లు ఉన్న స్థలము గనుక (1 సమూ. 7:2) పత్రికలు దీనిని ఉత్సాహంగా ప్రచురించాయి. వారి వాదము చదువదగినది. బాకిదెసు కోటలు కట్టించిన ఊళ్ల జాబితాలో (1 మక్కబీ 9:50) ఎమ్మాయు ఉన్నది, ఈ దిబ్బపై హెల్లెనీయుల కాలపు బలమైన గోడలున్నాయి, దూరము కుదురుచున్నది. అయితే గోడలు కోట ఉన్నదని చెప్పునే గాని, ఆ కోట పేరు చెప్పవు. పేరు చెక్కిన రాయి దొరికినప్పుడు మాట వేరు.

ఈ విధమైన చిక్కు క్రైస్తవ లేఖనాలకే పరిమితము కాదు. దీఘనికాయములోని మహాగోవింద సుత్తము అస్సకులకు పోతనము, కళింగులకు దంతపురము రాజధానులని చెప్పుచున్నది. పోతనమును నిజామాబాదు జిల్లా బోధన్‌గా గుర్తించుటకు ముఖ్యాధారము పేరులోని పోలిక, గోదావరి సామీప్యము. దంతపురము సిక్కోలు ప్రాంతపు దంతవక్త్రుని కోట అని కొందరు, ఒడిశాలోని పాలూరు అని కొందరు అంటారు. మన చరిత్రకారులు వీటిని “గుర్తింపు” అంటారే గాని “నిరూపణ” అనరు. మన వేదాంత విద్యార్థులు ఆ పదవివేకాన్ని వారి దగ్గర నేర్చుకోవచ్చును.

పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లివచ్చిన విశ్వాసులు ఒక్కొక్కరు ఒక్కొక్క ఎమ్మాయు ఛాయాచిత్రమును చూపి “అయ్యగారూ, ఇదేనా?” అని అడుగుతారు. వారి సంతోషమును తుంచనక్కరలేదు, కాని బలిపీఠము నుండి “ఇదే” అనుటకు మనకు అధికారము లేదు. పునరుత్థాన సాక్ష్యమును త్రవ్వకాల నివేదికకు కట్టివేసిన కాపరి, తరువాతి నివేదిక వచ్చినప్పుడు యౌవనస్థులకు ఏమి జవాబు చెప్పగలడు? ఆ ఇద్దరిలో ఒకని పేరే లూకా చెప్పాడు, క్లెయొపా అని. రెండవవాని పేరు తెలియలేదని ఎవరూ ఆ భాగముపై ప్రసంగించుట మానలేదు. పాత అనువాదమును సవరించేవారు “ఆమడ”ను ఉంచి, నూట అరువది అను పాఠాంతరమును అడుగున ఒక గమనికగా చేర్చితే చాలును.