హో చి మిన్ వీలునామా: వారసుల కత్తెర

జాతి నిర్మాతల్ని అంచనా కట్టేటప్పుడు మన విమర్శ సాధారణంగా స్తుతితోనో నిందతోనో సరిపెట్టుకుంటుంది. రెండింటికీ ఆ మనిషి రాసింది చదవవలసిన పని లేదు. హో చి మిన్ విషయంలో అభ్యుదయ సాహిత్యకారుల్లో ఈ లోపం మరీ ఎక్కువని నా అభిప్రాయం.

‘జైలు డైరీ’నే తీసుకుందాం. 1942 ఆగస్టులో దక్షిణ చైనాలో కొమింటాంగ్ అధికారులు ఆయన్ని నిర్బంధించి, 1943 సెప్టెంబరు దాకా ఒక జైలు నుంచి మరో జైలుకు తిప్పారు. ఆ రోజుల్లో ప్రాచీన చైనా భాషలో, ఎక్కువగా నాలుగు పాదాల పద్యాల్లో రాసుకున్నదే ఆ డైరీ. కవిత్వంలో ఉక్కు ఉండాలన్న భావం గల ఒక్క పద్యాన్ని మనం నినాదం చేసుకున్నాం. మిగతా పద్యాల్లో ఏముంది? ఒంటి మీది గజ్జి ఉంది. ఊడిన పన్ను ఉంది. తండ్రి సైన్యంలో చేరకుండా పారిపోతే, తల్లితోపాటు జైలుకొచ్చిన ఆరు నెలల పసికందు ఉంది. బయట జూదమాడితే జైలు, జైల్లో జూదానికి అడ్డులేదన్న వెటకారం ఉంది. వీటన్నిటినీ తొణక్కుండా చూసే చూపులోనే ఆ ఉక్కు ఉంది. తన్ను తాను పెద్ద చేసుకోని ఈ గుణమే ఆ కవిత్వానికి ప్రాణం.

వీలునామాలోనూ అదే గుణం. 1965 మే నెలలో మొదలుపెట్టి 1969 దాకా దాన్ని దిద్దుతూ వచ్చాడు. దేహాన్ని దహనం చేయమన్నాడు; పంటభూమి వృథా కాదని కారణమూ చెప్పాడు. బూడిదను ఉత్తర, మధ్య, దక్షిణ ప్రాంతాలకు పంచి, కొండల మీద పాతిపెట్టి, చెట్లు నాటమన్నాడు. శిలాఫలకం, కంచు విగ్రహం వద్దన్నాడు. యుద్ధం గెలిచాక వ్యవసాయ సహకార సంఘాలకు ఏడాదిపాటు పన్ను మినహాయించమన్నాడు.

1969లో ప్రకటించిన పాఠంలో దహనం మాటా లేదు, పన్ను మాటా లేదు. జాతీయ దినమైన సెప్టెంబరు 2న ఆయన మరణిస్తే, 3న అని ప్రకటించారు. దేహాన్ని భద్రపరిచి, 1975లో హనోయ్‌లోని బాదిన్ మైదానంలో సమాధి మందిరం తెరిచారు. ఈ సంగతులన్నీ 1989లో పార్టీయే వెల్లడించింది.

దక్షిణాది ప్రజలు కూడా ఆయన్ని కళ్లారా చూసుకోవాలన్నది పార్టీ చెప్పిన కారణాల్లో ఒకటి. దేశం రెండు ముక్కలై ఉన్న కాలంలో ఆ కోరికను తేలిగ్గా కొట్టివేయలేం. దహనం సంగతి ఒక మనిషి అంత్యక్రియలకు సంబంధించిందని సరిపెట్టుకోవచ్చు కూడా. మరి పన్ను సంగతి? అది రైతుకు చెందవలసిన మాట. రైతుకు ఇవ్వమన్నది ఇరవై ఏళ్లు దాచి, తనకు వద్దన్నది కట్టిపెట్టారు. వ్యక్తిపూజ అసలు స్వభావం నాకు ఇక్కడే కనిపిస్తుంది: అది నాయకుణ్ణి ఎత్తుతూనే అతని మాటను కత్తిరిస్తుంది.

భూసంస్కరణలో తప్పులు జరిగాయని 1956లో బహిరంగంగా అంగీకరించిన నాయకుడాయన. అలాంటివాడికి మన పూజతో పనిలేదు. కత్తిరించిన వాక్యాల్ని తిరిగి పాఠంలో చేర్చి చదవడమే విమర్శకులుగా మనం ఆయనకు చేయగల న్యాయం.