అతుకులో వదిలిన సందు

ఎటు నడవాలో తేలనప్పుడు సంఘం ముందుగా చేసేది ఉపవాస ప్రార్థన. మోకాళ్లూనుతారు, కీర్తనలు పాడతారు, రాత్రంతా మేలుకొని నడిపింపు అడుగుతారు. ఇంతవరకు ఏ సంఘానిదైనా ఒకటే పద్ధతి. పనితనం బయటపడేది మర్నాడు, కమిటీ కూర్చున్నప్పుడు. అడిగినదానికి జవాబు వస్తే దాన్ని అందుకునే అమరిక అక్కడ ఉందా? లేదూ, ప్రార్థన దారి ప్రార్థనది, నిర్ణయం మాత్రం గొంతు పెద్దదైనవాడిది అవుతుందా? అలాంటి అమరికను ఓపికగా, ముక్కముక్కా చెక్కి నిలబెట్టిన సందర్భం మన వరంగల్ ప్రాంత చరిత్రలోనే ఒకటుంది. దానికి 28 ఏళ్లు పట్టింది.

డోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. 2016 దాకా వరంగల్ జిల్లాదే. వరంగల్ నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో మహబూబాబాద్ దాటాక, ఖమ్మం రాకముందు తగిలే జంక్షన్ అది. సింగరేణి బొగ్గు కోసం వేసిన లైను అక్కడే చీలుతుంది. తిరునల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని, పని చేయడానికి తెలుగు పల్లెలున్న ఈ ప్రాంతాన్ని ఎంచుకున్నారు. ఆ సొసైటీ పెట్టినవారిలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఒకరు. ఆయన 1909లో గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ చేరారు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు.

ఆయన పనితనం చిన్న భాగాల్లోనే ముందు కనిపిస్తుంది. పిడికెడు బియ్యం సంగతే చూడండి. ఇంట్లో వంట చేసే తల్లి ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న ముంతలో వేస్తుంది. ఆదివారం ఆ ముంత గుడికి వెళుతుంది. అంతే. కానీ ఇందులో ఎన్ని పనులు ఒకేసారి జరుగుతున్నాయో గమనించాలి. చేతిలో నాణెం ఆడని కూలి ఇల్లు కూడా కానుక ఇవ్వగలుగుతోంది. ఇచ్చేది ఇంటి యజమాని కాదు, ఇల్లాలు. రోజూ పొయ్యి దగ్గర ఒక్క క్షణం సంఘం గుర్తుకొస్తోంది. వచ్చిన బియ్యం సంఘం పనికి ఉపయోగపడుతోంది కాబట్టి ఆ సంఘం నాది అనే హక్కు కూడా ముంతతో పాటే ఇంటికి తిరిగి వస్తోంది. చదువురాని మనిషిని నిర్ణయంలో భాగస్వామిని చేయాలంటే ఓటు కన్నా ముందు ఇలాంటిదేదో ఉండాలి. కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత తమ చేతిని తమ నెత్తిమీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించడం అజరయ్య పెట్టిన మరో అలవాటు. సాక్ష్యం చెప్పే బాధ్యత ఉపదేశికుడి ఉద్యోగంగా మిగలకుండా ప్రతి విశ్వాసి తలమీదికీ వచ్చింది. అజరయ్య పోయేనాటికి డోర్నకల్ అధ్యక్ష ఖండంలో విశ్వాసులు రెండు లక్షలు దాటారు.

పెరిగేకొద్దీ ఒక చిక్కు ముదిరింది. తెలుగు నేలను మిషన్లు ఎప్పుడో పంచుకున్నాయి. కృష్ణా వైపు ఆంగ్లికన్లు, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు, కడపలో లండన్ మిషన్, గుంటూరులో లూథరన్లు, నెల్లూరు, ఒంగోలు, హనుమకొండలలో అమెరికన్ బాప్టిస్టులు. పని వెతుక్కుంటూ నాలుగు ఊళ్లు దాటిన కూలీకి దేవుడు మారడు గానీ సంఘం మారిపోయేది. ఒకచోట తీసుకున్న ప్రభురాత్రి భోజనానికి ఇంకోచోట అర్హత లేకపోయేది. ఈ గోడలు మన పల్లెల్లో పుట్టినవి కావు. ఇంగ్లండులో, స్కాట్లండులో, అమెరికాలో పాత తగాదాలకు కట్టిన గోడల్ని అలాగే ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టారు.

1919 మే 1, 2 తేదీల్లో తమిళ తీరంలోని తరంగంబాడిలో 33 మంది సంఘ నాయకులు కూర్చున్నారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్యతో పాటు కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు కలిసి ఏర్పడిన దక్షిణ ఇండియా ఐక్య సంఘానికి చెందిన సంతియాగో ముందు నిలిచారు. ఈ చీలికలకు మేం కారణం కాదు, ఇవి మా మీద బయటినుంచి పడ్డవి, వీటివల్ల మేం బలహీనమయ్యాం అని వారి ప్రకటన సారం. ఫిర్యాదు వరకు ఎవరైనా రాయగలరు. ఆ పత్రంలో నన్ను కట్టిపడేసేది దాని తర్వాతి భాగం. రాబోయే సంఘానికి మూడు అంగాలు కావాలని వారు తేల్చారు: ప్రతి విశ్వాసికీ నేరుగా దేవుని సన్నిధి దొరికే స్థానిక సంఘం, ప్రతినిధులు కలిసి కూర్చుని తేల్చే సభ, బాధ్యత వహించి నడిపించే బిషప్. మొదటిది కాంగ్రిగేషనల్ వారి దగ్గర, రెండోది ప్రెస్బిటేరియన్ల దగ్గర, మూడోది ఆంగ్లికన్ల దగ్గర అప్పటికే ఉన్నవి. ఎవరి చేతిలోని పనిముట్టునూ కిందపడేయమనలేదు. మూడూ కలిస్తేనే పని పూర్తవుతుందన్నారు.

కలపడం మాత్రం అంత తేలిక కాలేదు. అసలు ముడి గురువుల దగ్గర పడింది. అపొస్తలుల కాలం నుంచి చేతి మీదుగా వస్తున్న బిషప్ హస్తనిక్షేపణ లేనిదే గురువు అభిషేకం నిండుగా లేదని ఆంగ్లికన్ల పట్టు. ముప్పై ఏళ్లుగా సంఘం కాస్తున్న మా కాపరిని మళ్లీ అభిషేకిస్తామంటే ఇన్నాళ్లూ ఆయన ఇచ్చిన బాప్తిస్మాలు ఏమైనట్టు అని ఎదుటివారి ప్రశ్న. రెండూ మనస్సాక్షికి సంబంధించినవే. ఓట్లు లెక్కపెట్టి ఒకదాన్ని ఓడిస్తే మిగిలేది ఐక్యత కాదు.

పరిష్కారాన్ని విడగొట్టి చూడండి. కలిసిన రోజు నుంచి అన్ని సంఘాల గురువులూ ఒకే సంఘంలో గురువులు. ఎవరికీ రెండోసారి అభిషేకం లేదు. ఆ రోజు తర్వాత అభిషేకం పొందే ప్రతి కొత్త గురువు మీదా బిషప్ చేతులుంచుతాడు. బిషప్ పదవిని అందరూ ఒప్పుకోవాలి గానీ దాని అర్థం ఇదేనని ఎవరి చేతా ఒప్పించరు. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షి ఒప్పని ఆరాధన పద్ధతినీ, గురువునూ రుద్దబోమని అందరూ మాట ఇస్తారు. ఇలా 30 ఏళ్లు నడవాలి. ఆ తర్వాత ఈ మినహాయింపులు ఉంచాలా వద్దా అన్నది అప్పటి సంఘమే తేల్చుకోవాలి.

ముప్పై అన్న అంకె ఊరికే వేసింది కాదు. పాతికేళ్ల వయసులో అభిషేకం పొందినవాడు అప్పటికి యాభై అయిదుకు వస్తాడు. అంటే ఒక తరం సేవాకాలం. రెండు రకాల గురువుల తేడా ఎవరి నోటా తీర్పు పలికించకుండానే, ఎవరి పరువూ తీయకుండానే, కాలంతో కరిగిపోతుంది. పట్టాలు వేసే కూలీ రెండు పట్టాల కొసల్ని ఫిష్‌ప్లేట్‌తో బిగించేటప్పుడు మధ్యలో సన్నని సందు వదులుతాడు. వేసవి ఎండకు ఇనుము సాగుతుందని వాడికి తెలుసు. సందు లేకుండా బిగిస్తే పట్టా వంకరపోతుంది. ఈ ఐక్యతకు రాజ్యాంగం రాసినవాళ్లూ అలాగే బిగించాల్సినచోట బిగించి, సందు వదలాల్సినచోట వదిలారు. నడిపింపు అడిగినవాళ్లు జవాబు పట్టే చోటును పత్రంలోనే ఖాళీగా ఉంచడమే నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన సంగతి.

ఈ చర్చలు సాగుతుండగానే డోర్నకల్‌లో గుడి లేచింది. 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగ నాడు ప్రతిష్ఠించి, ఆ పండుగ పేరే దానికి పెట్టారు. నక్షత్రం దారి చూపితే తూర్పు జ్ఞానులు నడిచి వచ్చిన పండుగ అది. గుమ్మటాలు చూస్తే మసీదు, కింద చెక్కిన రాతి స్తంభాల వరస చూస్తే హిందూ ఆలయ మండపం. నిజాం ఏలుబడిలోని ఈ నేల మీద ఆ రెండూ అందరి కళ్లకూ అలవాటైన రూపాలే. చెక్కడాల్లో తామర ఉంది, సిలువ ఉంది. మెదక్‌లో 1924లో ప్రతిష్ఠించిన మహాదేవాలయం సన్నని శిఖరంతో ఇంగ్లండు నుంచి నడిచొచ్చినట్టే ఉంటుంది. అందం విషయంలో దానికే ఎక్కువమంది ఓటేస్తారేమో. ఇక్కడివాళ్లు ఆలోచించి కట్టినది ఏదని అడిగితే మాత్రం నేను డోర్నకల్ వైపే చూపిస్తాను. వేర్వేరు మూలాల భాగాల్ని వాటి గుణం చెడకుండా ఒక కప్పు కిందికి తేవడం ఎలాగో ఆ గుడిలో రాతితో చేసి చూపారు. కాగితం మీద అదే పని అప్పటికింకా సాగుతూనే ఉంది.

అడ్డుపడినవారూ తక్కువవారు కారు. ప్రఖ్యాత కవి టి.ఎస్. ఎలియట్ 1943లో ఈ పథకాన్ని దుయ్యబడుతూ ఏకంగా ఒక కరపత్రమే రాశారు. లండన్‌లో కూర్చున్న కవికి ఇక్కడి కూలీ ప్రభురాత్రి భోజనం ఇబ్బంది ఎలా తెలుస్తుందని నాకనిపిస్తుంది గానీ, ఆయన వాదనలో పస లేకపోలేదు. మెథడిస్టులు 1943లో, ఆంగ్లికన్లు 1945 జనవరిలో, ఐక్య సంఘంవారు 1946లో సరేనన్నారు. అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. తన సంఘం సమ్మతించిన వార్త ఆయన వినలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. స్వాతంత్య్రం వచ్చి అప్పటికి ఆరు వారాలు. బాప్టిస్టులు, లూథరన్లు చేరలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది మేం రామన్నారు. వారిని ఎవరూ బలవంతపెట్టలేదు. 1975లో వారు వచ్చి కలిశారు.

కలిసిన సంఘానికి కలిసి ప్రార్థించే క్రమం కావాలి. 1950లో వచ్చిన ప్రభురాత్రి భోజన క్రమంలో ఒక ఘట్టం చూడదగినది. గురువు జనం వైపు వీపు పెట్టడు, బల్ల వెనక వారికి ఎదురుగా నిలబడతాడు. కానుకలకు ముందు సమాధానం ఇచ్చిపుచ్చుకుంటారు. ఇచ్చేవారు తమ కుడి అరచేతిని తీసుకునేవారి కుడి అరచేతికి ఆనిస్తారు. తర్వాత ఇద్దరూ తమ ఎడమచేతిని ఎదుటివారి కుడిచేతి మీద మూస్తారు. గురువు దగ్గర మొదలైన ఆ స్పర్శ బల్ల దగ్గరున్నవారి నుంచి జనంలోకి, మనిషి నుంచి మనిషికి చివరి వరస దాకా పాకుతుంది. కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర ఉన్న ఆచారాన్ని అందరికీ పంచారు. అంటరానితనం రాజ్యమేలుతున్న కాలంలో, పక్కవాడి చేయి పట్టుకుని బల్ల దగ్గరికి పొమ్మన్న ఆరాధన అది. కులం పోవాలని ఉపన్యాసం చెప్పడం కన్నా కష్టమైన పనిని ఆ క్రమం చేతులకే అప్పజెప్పింది.

1970 నవంబరు 29న నాగపూర్‌లో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మరో దారి తొక్కారు. మొదట్లోనే అన్ని సంఘాల గురువుల మీదా పరస్పరం చేతులుంచి సేవలను ఏకం చేశారు. అది త్వరగా తేలే పద్ధతి. దక్షిణాదిది నిదానం. నా లెక్కలో నిదానానిదే పైచేయి, ఎందుకంటే ఇక్కడ ఏ ముసలి కాపరీ తన అభిషేకంలో ఏదో కొరత ఉందేమోనన్న అనుమానంతో తల వంచాల్సి రాలేదు.

బిషప్ ఎన్నికకూ దక్షిణ ఇండియా సంఘంలో ఇలాంటి రెండంచెల అమరికే ఉంది. అధ్యక్ష ఖండపు కౌన్సిల్ ప్రార్థన చేసి, ఓటేసి కొన్ని పేర్లు ఎంచి పంపుతుంది. వారిలో ఒకరిని మొత్తం సంఘానికి పైసభ అయిన సినడ్ తీసుకుంటుంది. కింది సంఘానిదీ చివరి మాట కాదు, పైవారిదీ మొదటి మాట కాదు. ఇంత చక్కగా అమర్చిన ఎన్నికలు కూడా ఈ మధ్య కోర్టు మెట్లెక్కుతున్నాయి. తప్పు పనిముట్టుది కాదు.

ఏదో ఒక పాస్టరేట్ కమిటీలో కూర్చునేవారు ఈ వ్యాసం చదువుతుంటే ఒక మనవి. మీ సంఘం ముందు పెద్ద నిర్ణయం ఉండి, వచ్చే శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారనుకోండి. శనివారం కమిటీకి వచ్చేటప్పుడు దక్షిణ ఇండియా సంఘ రాజ్యాంగంలో గురువుల సేవను గురించిన ఆ భాగాన్ని వెంట తెచ్చుకుని, ఓటింగుకు ముందు అందరికీ చదివి వినిపించండి.