వాద్యం లేని కథ, కథ లేని వాద్యం: అమరావతి శిల్పం నుంచి నాజర్ బుర్రకథ దాకా

ప్రస్తావన

తెలుగు కథాగాన ప్రక్రియల పేర్లలో ఒక విశేషం ఉంది. బుర్రకథ, జముకులకథ, పంబలకథ అనే పేర్లు ఇతివృత్తాన్ని బట్టి గాని, ఛందస్సును బట్టి గాని ఏర్పడలేదు. వాద్యాన్ని బట్టి ఏర్పడ్డాయి. తంబురా బుర్ర, జముకు, పంబ ఆయా ప్రక్రియలకు గుర్తింపునిచ్చాయి. అయినా కథ ముద్రణకెక్కేసరికి వాద్యం పుట దాటి వెళ్లిపోతుంది. ప్రదర్శనశాలలో దీనికి విపర్యయం: అక్కడ వాద్యం కనిపిస్తుంది, కథ వినిపించదు. విడిపోయిన ఈ రెండు సగాలనూ కలిపి చదవడానికి గుంటూరు, ప్రకాశం ప్రాంతపు ఆధారాలు ఎంతవరకు తోడ్పడతాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శిలలో నిలిచిన మేళం

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వకాల్లో బయటపడిన అమరావతి శిల్పాలలో అధికభాగం మద్రాసుకు, అక్కడి నుంచి 1859లో లండనుకు తరలిపోయాయి. మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాలలోని శిల్పాలపై సి. శివరామమూర్తి 1942లో ప్రకటించిన గ్రంథం వాటిలోని వాద్యాలను కూడా వివరించింది. వింటి ఆకారంలోని వీణ, వేణువు, శంఖం, నిలువు మద్దెలలు, అడ్డ మద్దెలలు ఆ శిలాఫలకాలపై కనిపిస్తాయి. వింటి వీణ తెలుగునాట వాడుక తప్పి శతాబ్దాలు గడిచాయి. శిల్పం లేకపోతే ఇక్కడ దాని రూపం గుర్తుండేది కాదు. వస్తువును కాపాడటంలో ప్రదర్శనశాల చేసిన ఈ మేలును తక్కువగా చూడరాదు.

అయితే శిల్పి వాద్యాన్ని చూపిన తీరు వేరు. ఆ ఫలకాలపై వీణ ఒంటరిగా ఉండదు. వాయించే వేళ్లు, ఆడే పాదాలు, వినే ముఖాలు దాని చుట్టూ ఉంటాయి. బోధిసత్త్వుని కథలో ఒక ఘట్టం నడుస్తూ ఉండగా మేళం మోగుతుంది. నేటి అద్దాల పెట్టె వాద్యాన్ని వేరుచేసి చూపుతుంది. అమరావతి శిల్పి దానిని సన్నివేశంలో ఉంచి చూపాడు.

పద్యంలో మోగిన డప్పు

వినుకొండ వల్లభరాయని పేర ఉన్న క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధిలో ఒక స్త్రీ పల్నాటి వీరుల కథ పాడే ఘట్టం సుప్రసిద్ధం. దానిని సాధారణంగా ద్విపద ప్రాచుర్యానికి, పల్నాటి కథ వ్యాప్తికి నిదర్శనంగా ఉదహరిస్తారు. కాని ఆ పద్యంలో మరో విశేషం ఉంది. కవి తాళగతిని పేర్కొన్నాడు. వాద్యధ్వనిని అనుకరణ శబ్దాలుగా వృత్తపు గణాలలో ఇమిడ్చాడు. పాడే ఛందస్సు ద్విపద అని చెప్పాడు. అక్షరమక్షరానికీ కేకలు వేస్తూ ఊగిపోయే కుర్రవాళ్లను చూపాడు. వాద్యం, కథ, శ్రోత ఒకే పద్యంలో చేరారు. కథాగానాన్ని భద్రపరచడం అంటే ఏమిటో ఆ కవి ఒక్క పద్యంలో చేసి చూపాడు. ఈ మూడింటిలో ఏది లోపించినా ప్రదర్శన అసంపూర్ణమని దాని నుంచి గ్రహించవచ్చు.

నాజర్ చేతిలో బుర్ర

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్ బుర్రకథకు ఈ మూడు అంగాలే ఆధారం. కథకుని భుజాన తంబురా, వేళ్లకు అందెలు. ఇరుపక్కలా డక్కీలతో వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, మరొక వంత వర్తమాన రాజకీయాలను వ్యాఖ్యానిస్తాడు. వంతలు వాద్యకారులు మాత్రమే కాదు. కథలోనే అమరిన శ్రోతలు. వారు ఊకొట్టి, ప్రశ్నించి, ఎగతాళి చేసి కథను ముందుకు నడుపుతారు. ఊరూరా మారే వంత వ్యాఖ్యను ముద్రిత ప్రతి పూర్తిగా పట్టుకోలేదు.

అందెల ఉదాహరణ చూడండి. అద్దం వెనుక 'అందెలు' అన్న చీటీతో ఉంచితే చూపరి వాటిని కాలి ఆభరణం అనుకోవచ్చు. కథకుడు అడుగు వేస్తూ వేళ్లు కదిపినప్పుడే అవి తాళవాద్యమని అర్థమవుతుంది. ఆ చీటీకి అర్థం చెప్పేది ప్రదర్శనే.

నాజర్ ఆత్మకథ పేరు 'పింజారి'. అంగడాల వెంకట రమణమూర్తి దానిని అక్షరబద్ధం చేశారు. పింజారి అంటే దూదేకేవాడు. పత్తి పండే ఈ నల్లరేగడి సీమలో దూదేకుల వారి విల్లు కూడా నారి మోగే పనిముట్టే. దానికీ అమరావతి వింటి వీణకూ వంశసంబంధం కల్పించడం శాస్త్రీయం కాదు. కాని వృత్తిని, వినికిడిని వేరుచేసి కళాకారుణ్ణి అర్థం చేసుకోలేమని ఆ శీర్షిక గుర్తుచేస్తుంది. ప్రదర్శనశాల చీటీలో వాద్యం పేరు, కొలత ఉంటాయి. వాయించిన వారి కులవృత్తి, ఊరు, మేళంలో వారి స్థానం సాధారణంగా ఉండవు.

ప్రదర్శనశాలలో ప్రదర్శన

అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో 2010లో ప్రారంభమైన వాద్య ప్రదర్శనశాలలో చూపరి ఒక్కొక్క వాద్యాన్ని సమీపించగానే దాని ధ్వని చెవిగొట్టాలలో వినిపిస్తుంది. ఇది మౌనం కంటే మేలు. అయినా చెవిగొట్టాలు పెట్టుకున్నవాడు కథకునికి బదులు చెప్పలేడు. క్రీడాభిరామంలోని కుర్రవాళ్లకు, బుర్రకథలోని వంతకు అక్కడ చోటు లేదు. ప్రారంభోత్సవాలలో పది నిమిషాలు ఏర్పాటు చేసే జానపద కార్యక్రమాలలోనూ ఇదే లోపం: ఆహార్యం, ధ్వని మిగులుతాయి, కథ మొదలవకముందే ముగుస్తుంది. ప్రదర్శనశాల రాత్రంతా తెరిచి ఉండదన్నది నిజమే. కాని ఒక ఘట్టాన్నైనా మొదలు నుంచి ముగింపు దాకా, వంతలతో, ప్రశ్నించగల శ్రోతలతో జరిపించడం అసాధ్యం కాదు.

ముగింపు

ఈ లోపం ప్రదర్శనశాలలకే పరిమితం కాదు. బిరుదురాజు రామరాజు, తంగిరాల వెంకట సుబ్బారావు వంటివారు పునాది వేసిన జానపద సాహిత్య పరిశోధనను ముందుకు తీసుకువెళ్లవలసిన మనం పాఠనిర్ణయంలో వాద్యాన్ని అనుబంధంగానే చూస్తున్నాం. కథాగాన పరిష్కరణలో తాళం మారే చోటు, వంత పలికే చోటు, శ్రోత స్పందించే చోటు పాఠభాగాలుగానే నమోదు కావాలి. వాద్యం పేరుతో ప్రక్రియను పిలుస్తూ, ఆ వాద్యం లేని పాఠాన్ని సమగ్రమని పరిష్కరించడం మన శాస్త్రానికి న్యాయం కాదు.