సైరన్ ఎప్పుడు మొదలైనట్టు?

గోదావరి ఉత్తరానికి మళ్లి పారే చెన్నూరులో స్నానానికైనా, లగ్నానికైనా పంచాంగం చూసి వేళ చెబుతారు. అక్కడి నుంచి మంచిర్యాల దారి పట్టి శ్రీరాంపూర్, మందమర్రి చేరితే వేళ చెప్పే పని సైరన్‌ది. సింగరేణి బొగ్గుబాయిల్లో షిఫ్టులు పొద్దున 7కు, మధ్యాహ్నం 3కు, రాత్రి 11కు మారతాయి. చేతి గడియారం అందరికీ అందని రోజుల్లో ఆ మోత మస్టరు పడాల్సిన కార్మికుడికి మాత్రమే సొంతం కాదు. టిఫిను కట్టే ఇల్లాలు, బడికి పోయే పిల్లలు, హోటల్లో పొయ్యి రాజేసేవాడు అందరూ దాన్నిబట్టే నడిచేవారు. వేళకాని వేళ మోగిందంటే టైమెంతైందని ఎవరూ అడగరు, బాయి దిక్కు ఉరుకుతారు.

ఊరందరికీ ఒకే సమయం చెప్పడంలో రెండు పనులున్నాయి. ముందు సమయం సరిగ్గా తెలియాలి. తర్వాత అది అందరికీ ఒకే క్షణంలో చేరాలి. మొదటిదాని గురించి పుస్తకాలు బోలెడున్నాయి. అసలు తంటా రెండోదానితోనే.

మన దగ్గర పాత పద్ధతి గడియకుడుక. అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో వదులుతారు. అది నిండి మునగడానికి ఒక గడియ, అంటే 24 నిమిషాలు పట్టేలా చేస్తారు. పగలూ రాత్రీ కలిపి 60 గడియలు. రంధ్రం ఎంత ఉండాలో చెప్పడానికి కొన్ని సిద్ధాంత గ్రంథాలు బంగారు సూది బరువు, పొడవు కొలతలు ఇచ్చాయి. కుడుక మునగగానే కావలివాడు కంచు పళ్లేన్ని మోగించేవాడు. బాబరు హిందుస్థాన్ నగరాల్లో ఈ ఏర్పాటును చూసి తన ఆత్మకథలో వివరంగా రాసుకున్నాడు. నీళ్లు వేడెక్కితే కుడుక త్వరగా మునుగుతుంది, రంధ్రంలో నలక పడితే ఆలస్యమవుతుంది. అయినా పొద్దు పొడుపుతో లెక్క మళ్లీ మొదలయ్యేది గనుక తప్పులు రోజుల తరబడి పేరుకుపోయేవి కావు. ఊరి అవసరానికి అంతకన్నా పదునైన కాలం అక్కర్లేదు కూడా.

ఓడలకు అది చాలలేదు. నడిసముద్రంలో రేఖాంశం తెలియాలంటే ఓడలోని క్రోనోమీటరు అనే గడియారం సరిగ్గా ఉండాలి. అది 4 సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర లెక్క దాదాపు 1.85 కిలోమీటర్లు తప్పుతుంది. నిమిషం తప్పితే 28 కిలోమీటర్లు. రాత్రివేళ రాళ్ల తీరం పక్కన అది ప్రాణాంతకం. అందుకే రేవుల్లో కాలసూచికలు వెలిశాయి. 1833లో గ్రీనిచ్ వేధశాల కప్పు మీద ఒక పెద్ద ఎర్ర బంతిని పెట్టారు. మధ్యాహ్నం 12.55కు దాన్ని కొయ్య మీద సగం వరకు, 12.58కి కొన వరకు లాగేవారు. సరిగ్గా ఒంటిగంటకు వదిలేవారు. ఇందులో తెలివంతా ముందస్తు హెచ్చరికలోనే ఉంది: నావికుడు కన్నార్పకుండా సిద్ధమవడానికి 5 నిమిషాల వ్యవధి దొరుకుతుంది. లెక్కలోకి వచ్చేది బంతి కింద పడిన క్షణం కాదు, కదలడం మొదలైన క్షణం.

తెలుగు తీరంలోనూ ఆ పట్టుదల ఉంది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. ఎదురుగా కనిపించే డాల్ఫిన్ నోస్ కొండ మీది జెండా కొయ్యతో పట్టణానికి, ఓడలకు సరైన సమయం తెలిపే ఏర్పాటూ చేశారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు వేధశాలను నడిపారు. జమీందారీ డబ్బుతో ఊరికి టైము చెప్పిన ఈ మామా అల్లుళ్ల గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేరా అయినా ఉండాల్సింది.

మద్రాసులో ఫిరంగిని వాడారు. అక్కడి వేధశాల గడియారాన్నిబట్టి సెయింట్ జార్జి కోటలో రాత్రి 8కి ఫిరంగి పేలేది. మోత గోడలు దాటి ఇంట్లోకి వస్తుంది, అది దాని గొప్ప. కానీ శబ్దం కిలోమీటరు దూరం పోవడానికి దాదాపు 3 సెకన్లు తీసుకుంటుంది. ఎడింబరోలో 1861లో ఒంటిగంట ఫిరంగి మొదలైనప్పుడు, ఏ వీధికి మోత ఎన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుందో వలయాలు గీసి చూపే పటమే అచ్చేశారు. అలాంటి పటాన్ని బొగ్గుబాయి చుట్టూ గీస్తే, 4 కిలోమీటర్ల అవతలి పల్లెకు 7 గంటల సైరన్ 7 దాటి 12 సెకన్లకు వినిపిస్తుంది.

సైరన్‌కు ఇంకో లోపం ఉంది. లోపలి చక్రం మోటారుతో వేగం పుంజుకునేదాకా మూలుగులా మొదలై మెల్లగా పైకి లేస్తుంది. ఇదీ మొదలు అని వేలు పెట్టి చూపగల క్షణం దానికి లేదు. క్రోనోమీటరు సరిదిద్దడానికి అది పనికిరాదు. నిద్రలో ఉన్న వెయ్యిమందిని లేపడానికి మాత్రం బంతీ జెండా పనికిరావు.

సరైన సమయం అంటే ఎవరి సమయమన్నది మరో పేచీ. మద్రాసు కాలం గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందుండేది. రైళ్లూ చాలాకాలం దాన్నే పాటించాయి. చెన్నూరు దాదాపు మద్రాసు రేఖాంశానికి దగ్గర్లోనే ఉంది గనుక ఆ కాలానికీ చెన్నూరు పొద్దుకూ తేడా దాదాపు 2 నిమిషాలే. 1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక కాలం వచ్చింది. దాని 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దాపున పోతుంది. చెన్నూరు దానికి 2.7 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున, అక్కడ పొద్దు నడిమింటికి చేరేది సగటున 12.11కు.

చివరికి పదును, చేరువ రెండూ కలిసింది రేడియోలో. 1924లో బీబీసీ మొదలుపెట్టిన ఆరు బీప్‌ల పద్ధతిలో ముందరివి హెచ్చరిక, చివరిదాని మొదలే గంట. గ్రీనిచ్ బంతిని లాగిన వరసే ఇదీ. రేడియో తరంగం కాంతి వేగంతో వస్తుంది కాబట్టి ఢిల్లీ నుంచి ఆదిలాబాద్ జిల్లాకు సెకనులో వందో వంతు కూడా పట్టదు. ఆకాశవాణి వార్తలకు ముందు వచ్చే బీప్‌లతో గడియారాలు దిద్దుకున్న తరం మనలో ఇంకా ఉంది. ఇప్పుడవే బీప్‌లను ఫోన్లో, ఇంటర్నెట్ ద్వారా వింటే కొన్ని సెకన్లు వెనకబడి వస్తాయి, యాప్ ముందుగా కొంత శబ్దాన్ని పోగుచేసుకుని గానీ వినిపించదు గనుక. గోడ గడియారం దిద్దుకోవాలంటే నేరుగా ప్రసారం అందుకునే ట్రాన్సిస్టరే మేలు.