రోగమూ, నీతీ, మన ప్రచార సాహిత్యమూ

మన భాషలో "సుఖవ్యాధి" అని ఒక మాట ఉంది. వైద్యులు వాడారు, పత్రికలు వాడాయి, గోడల మీద మందుల ప్రకటనలు వాడాయి. సంభోగం ద్వారా అంటుకునే రోగాలన్నిటికీ కలిపి పెట్టిన పేరు అది. మలేరియా వచ్చినవాణ్ణి దోమతో సుఖపడ్డావని ఎవరూ అనరు. క్షయ వచ్చినవాణ్ణి గాలి పీల్చి సుఖపడ్డావని అనరు. ఈ ఒక్క జాతి రోగాలకు మాత్రం పేరులోనే నేరమూ, శిక్షా ఇమిడ్చిపెట్టాము. సుఖం నేరం, వ్యాధి శిక్ష. ఐతే ఎవరి సుఖం? రాత్రిపూట రహదారి పక్కన, లారీలు ఆగేచోట, మర్నాటి బియ్యం కోసం నిలబడిన ఇరవయ్యేళ్ళ పిల్లకు దక్కిన సుఖమేమిటి? ఆ మాట పుట్టించినవాడు ఆమె వైపు నుంచి చూడలేదు. డబ్బిచ్చి వెళ్ళినవాడి వైపు నుంచి చూశాడు. చూసి, వాడి సుఖానికి ఆమెను దోషిని చేశాడు.

హెచ్.ఐ.వి. మన దేశంలో బయటపడి దాదాపు నాలుగు దశాబ్దాలయింది. ఈ కాలంలో దాని నివారణ పేరుతో వీధినాటకాలు, బుర్రకథలు, రేడియో నాటికలు, గోడరాతలు, వారపత్రికల కథలు కుప్పలుగా వచ్చాయి. వాటిని సాహిత్యంగా తీసుకుని పరీక్షించటం ఈ వ్యాస ఉద్దేశం. "అది ప్రచారం. పని జరిగితే చాలు, విమర్శ దేనికి?" అని కొందరు అడగవచ్చు. ఇతరులు అడిగితే అడగనివ్వండి, మనం అడగకూడదు. ప్రజానాట్యమండలి 1943లో పుట్టిన నాటినుంచి, ప్రచారం కూడా కళే అని వాదించింది మనమే. నాజర్ బుర్రకథ వేలమందిని కదిలించిందంటే అందులో ప్రచారం ఉన్నందువల్ల మాత్రమే కాదు, ఆ ప్రచారంలో జనం తమ జీవితాన్ని గుర్తుపట్టినందువల్ల. అదే గీటురాయి ఇక్కడా వాడాలి. నివారణ సాహిత్యం ఎవరికోసం రాశామని చెప్పుకుంటున్నదో వాళ్ళు అందులో తమను తాము గుర్తుపట్టగలరా?

ఈ కోవ కథలు పది చదివితే వాటి మూస మనకు కంఠతా వస్తుంది. మంచి కుటుంబం. భర్త పనిమీద పట్నం పోతాడు, లేదా లారీ తోలతాడు. అక్కడ ఒక "చెడ్డ ఆడది" తగులుతుంది. ఆమెకు పేరుండదు, ఊరుండదు, ముఖానికి దట్టమైన పౌడరు మాత్రం ఉంటుంది. భర్త రోగం తెస్తాడు. అమాయకురాలైన భార్యకు అంటుకుంటుంది. చివర అందరూ చస్తారు, డాక్టరుగారు మాత్రం బతికి ఉపన్యాసం ఇస్తారు. రచయిత సదుద్దేశాన్ని నేను శంకించటం లేదు. కాని ఈ కథ చేసిన పని ఏమిటో చూడండి. రోగుల్ని రెండు రాసులు పోసింది: జాలి పడదగ్గవాళ్ళు, జాలి పడకూడనివాళ్ళు. భార్యమీద పుట్టించిన ప్రతి కన్నీటిబొట్టుకూ వెల, ఆ పేరులేని ఆడదాని చేత కట్టించింది. ఆ ఆడదానికి రోగం ఎవరిచ్చారన్న ప్రశ్న కథకుడికి తట్టనే లేదు.

2003-04 ప్రాంతంలో కూడళ్ళ దగ్గర పెద్ద పెద్ద బోర్డులమీద కనిపించిన పులిరాజాను చాలామంది మరిచిపోయి ఉండరు. అతనికి ఎయిడ్స్ వస్తుందా అని ఆ బోర్డులు అడిగాయి. దాని మంచి దానికి చెప్పాలి. అంతవరకూ గుసగుసగా కూడా పలకని మాటను టీకొట్టు దగ్గర గట్టిగా పలికించింది. ఉపన్యాసం మాని ప్రశ్న వేసింది. ఐతే ఆ పులిరాజా ఎవరు? మగవాడు. డబ్బున్నవాడు కాకపోయినా, వెళ్ళటమో మానటమో తన చేతిలో ఉన్నవాడు. నిరోధ్ వాడదామని అంటే దెబ్బలు తినే పిల్లకు గాని, పోలీసువాడు అడిగితే కాదనలేని హిజ్రాకు గాని ఆ ప్రశ్న తమకు వేసినట్టు వినబడదు. చివరికి ఆ పేరు కుర్రాళ్ళు ఒకర్నొకరు ఆటపట్టించుకునే పేరుగా మిగిలింది. నవ్వు భయాన్ని పోగొట్టగలదు, నిజమే. కాని నవ్వు ఎవరిమీదకు మళ్ళిందన్నది కూడా చూసుకోవాలి.

ఇప్పుడు వాస్తవం చూద్దాం. 2023 అంచనాల ప్రకారం దేశంలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు 25 లక్షలకు పైమాటే. వయోజనులందరినీ తీసుకుంటే వెయ్యికి ఇద్దరు. కాని 2021 నాటి ప్రభుత్వ సర్వేలో సెక్సు వర్కర్లలో వందకు దాదాపు ఇద్దరు, మగవాళ్ళతో సంబంధమున్న మగవాళ్ళలో వందకు ముగ్గురికి పైగా, హిజ్రాలలో దాదాపు నలుగురు, సూదులతో మత్తుమందు ఎక్కించుకునేవాళ్ళలో తొమ్మిదిమంది తేలారు. ఈ అంకెలను నీతివాది చదివితే "చూశారా, పాపానికి ఫలితం" అంటాడు. వాస్తవికవాది ఇంకో ప్రశ్న వేస్తాడు: ఈ నాలుగు గుంపుల్లో సామాన్యమైనది ఏమిటి? వాళ్ళ కోరికలు కావు. ఒకరి కోరికకూ ఇంకొకరి కోరికకూ పోలికే లేదు. వాళ్ళందరికీ సామాన్యమైనది ఒకటే: పోలీసును చూస్తే దాక్కోవలసి రావటం.

ఇది అలంకారం కాదు, చట్టం. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, హైదరాబాదు రాజ్యం నపుంసకుల చట్టమని ఒకటి చేసింది. ఆ చట్టం కింద హిజ్రాల పేర్లు రిజిస్టరుకు ఎక్కించవచ్చు. అలా ఎక్కినవాళ్ళు ఆడదుస్తులతో వీధిలో కనబడితే, ఆడినా పాడినా, వారంటు లేకుండా అరెస్టు చెయ్యవచ్చు. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి రెండయింది. ఆ చట్టం మాత్రం 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసేదాకా పుస్తకాల్లో కూర్చునే ఉంది. శిక్షాస్మృతిలోని 377వ సెక్షను సంగతీ అంతే. దానిమీద నాజ్ ఫౌండేషన్ 2001లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది ముఖ్యంగా ఈ రోగం కారణంగానే: మనిషి ఉనికే నేరమైనప్పుడు అతని దగ్గరకు నిరోధ్ పట్టుకుని ఎలా వెళ్ళటం? 2009లో గెలుపు, 2013లో ఓటమి, 2018 సెప్టెంబరులో మళ్ళీ గెలుపు. ఇన్నేళ్ళలో పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు ఎవరిని సలహా అడగాలి? తల్లిని అడగలేడు, మేష్టరును అడగలేడు, డాక్టరును అడిగితే నేరం ఒప్పుకున్నట్టు. అజ్ఞానం అతనిది కాదు, అతని చుట్టూ కట్టిన గోడది.

రాజ్యం మొదట్నించీ ఇదే దారిలో నడిచింది. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలొమన్, ఆమె విద్యార్థిని నిర్మల మన దేశంలో మొదటిసారి ఈ వైరస్‌ను గుర్తించారు. అది గొప్ప వైద్యకృషి. కాని ఆ నెత్తురు ఎవరిది? ప్రభుత్వ నిర్బంధ గృహంలో ఉన్న సెక్సు వర్కర్లది. వాళ్ళ నెత్తురు దేశాన్ని హెచ్చరించింది. ఆ తర్వాత ఆ స్త్రీలు ఎలా బతికారని మన కథకుల్లో ఎందరు అడిగారు? 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు, రక్తదానం చెయ్యబోయి, తనకు రోగముందని తెలుసుకున్నాడు. తెలుసుకున్నది వైద్యుడి గదిలో కాదు, పోలీసుల మధ్య. రెండు నెలలకు పైగా అతన్ని పాత శానిటోరియంలో ఒంటరిగా బంధించారు. నెత్తురు దానం చెయ్యబోయినవాడికే సంకెళ్ళు వేస్తే, నెత్తురు పరీక్షకు ఎవరు ముందుకు వస్తారు? ఈ వెలి అనేది రోగం వెంట వచ్చే బాధ మాత్రమే కాదు. రోగాన్ని మోసుకుపోయే వాహనం కూడా అదే.

ఈ సంగతి మన సాహిత్యానికి కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. 1909లో వచ్చిన "కన్యాశుల్కం" రెండో కూర్పులోనే ఉంది. సౌజన్యారావు పంతులు మంచివాడు. సానుల మొహం చూడకూడదనే వ్రతం పట్టినవాడు. లుబ్ధావధాన్లు మీద పడ్డ హత్యానేరం అబద్ధమని రుజువు చెయ్యగల మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది, ఆమె సాని. అంచేత మధురవాణి మగవేషం వేసుకుని ఆ మంచివాడి గడప తొక్కవలసి వచ్చింది. గురజాడ ఆ వ్రతాన్ని ఎగతాళి చెయ్యలేదు. అది ఎవరికి అడ్డంగా నిలబడిందో మాత్రం చూపించాడు. ఇవాళ మన ఆసుపత్రుల్లో జరుగుతున్నది ఈ రంగమే. తన ఊరి ఆసుపత్రిలో చీటీ రాసేవాడు చుట్టమో, ఎరిగినవాడో అవుతాడని, యువకుడు పక్క జిల్లాకు బస్సెక్కి పోయి మందు తెచ్చుకుంటాడు. సీసా మీది చీటీ గోకేసి, బలం మాత్రలని ఇంట్లో చెబుతాడు. వేషం మార్చకుండా మంచివాళ్ళ గడప తొక్కలేని మధురవాణులు ఇంకా ఉన్నారు. మన కథకులు మాత్రం సౌజన్యారావు కుర్చీలో కూర్చుని కథ రాస్తున్నారు.

ఇక్కడ ఆత్మవిమర్శ కూడా అవసరం. మనవాళ్ళు ఈ దోషానికి అతీతులేమీ కారు. అవినీతి ఎయిడ్స్‌లా వ్యాపించిందని మన వేదికలమీద ఎన్నిసార్లు వినలేదు? మతోన్మాదం కుష్ఠు అనీ, పెట్టుబడి కేన్సర్ అనీ కవిత్వం చెప్పాము. ఉపమానానికి బలం ఎక్కడినుంచి వచ్చింది? రోగిని చూస్తే కలిగే రోతనుంచి. ఆ రోతను అప్పు తెచ్చుకుని శత్రువుమీద విసిరాము. సభలో వెనకవరసలో కూర్చున్న రోగి అది విని లేచిపోయి ఉంటే మనకు తెలియదు. ఇంకో తప్పు ఉంది. వేశ్య అంటే కుళ్ళిన వ్యవస్థకు చిహ్నం, ఆ వ్యవస్థ పోతే ఆమే పోతుంది, అంతదాకా చెయ్యగలిగింది లేదు అనుకోవటం. చిహ్నానికి జ్వరం రాదు, మనిషికి వస్తుంది.

చెయ్యగలిగింది ఉన్నదని చూపింది కలకత్తాలోని సోనాగాచీ. 1992లో అక్కడ డాక్టర్ స్మరజిత్ జానా మొదలుపెట్టిన పనిలో విశేషం మందులు కాదు. సెక్సు వర్కర్లే తోటివారికి బోధకులయ్యారు. 1995లో దుర్బార్ మహిళా సమన్వయ సమితి అనే సొంత సంఘం పెట్టుకున్నారు. నిరోధ్ లేకుండా కుదరదని ఒకామె ఒంటరిగా అంటే పక్క గదికి పోతాడు. వీధి అంతా కలిసి అంటే ఎక్కడికి పోతాడు? కూలిరేటు విషయంలో వ్యవసాయ కూలీలు కనిపెట్టిన సత్యమే ఇది. సంఘటన శక్తి అంటే ఏమిటో మన పాఠకులకు నేను వివరించనక్కరలేదు. ఆ శక్తికి ఈ గడపలోకీ రావటానికి హక్కుందని గుర్తుచెయ్యటమే నా పని.

మరి కొత్త రచయిత ఏమి రాయాలి? ముందు చావుతో కథ ముగించటం మానాలి. అది నీతిదృష్టితోనే కాదు, వైద్యదృష్టితో కూడా అబద్ధం. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తున్నది. 2017 నుంచి పరీక్షలో తేలిన ప్రతివారికీ ఆలస్యం లేకుండా మొదలుపెడుతున్నది. క్రమం తప్పకుండా మందు వాడి, నెత్తురులో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గినవారినుంచి సంభోగం ద్వారా రోగం అంటదని శాస్త్రం నిర్ధారించింది. అంటే మందు మింగటం తనను కాపాడుకోవటమే కాదు, తోటివాణ్ణి కాపాడటం కూడా. ఇంతకంటె మంచి కథావస్తువు ఏముంటుంది? 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరునుంచి అమలులో ఉంది: అంగీకారం లేకుండా పరీక్ష చెయ్యరాదు, సంగతి బయటపెట్టరాదు, ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపరాదు. చట్టం కాగితంమీద ఉన్నచోటికీ, జీవితం ఉన్నచోటికీ మధ్య దూరాన్ని కొలవటమే వాస్తవికవాదం పని.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పునరుత్పత్తి పాఠం రాగానే "ఇది ఇంటిదగ్గర చదువుకోండి" అని పేజీ తిప్పే అలవాటు మనలో చాలామందికి ఉంది. 2007లో కొన్ని రాష్ట్రప్రభుత్వాలు కౌమార విద్యను నిషేధించినప్పుడు మనం ఖండించాము. కాని మన తరగతిగదిలో ఆ నిషేధాన్ని, ఉత్తర్వు లేకుండానే, మనమే అమలు జరుపుతున్నాము. ఆ తిప్పేసిన పేజీ కోసం ఎదురుచూసిన పిల్ల ఒకతె ఆ గదిలో ఉండి ఉంటుంది. జోగిని తల్లికి పుట్టిన పిల్ల కావచ్చు, పదో తరగతి తర్వాత వలసపోబోయే కుర్రవాడు కావచ్చు. ఇంటిదగ్గర వాళ్ళకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. తర్వాత ఎప్పుడో వాళ్ళు ఆ పాఠం నేర్చుకుంటారు, నెత్తురు పరీక్ష కాగితంమీద.

నీతి వద్దా అని అడిగేవారికి నా సమాధానం ఇది. నీతి కావాలి. ఐతే ఆ నీతి రోగి ప్రవర్తననుగాక, రోగి ఎదుట మన ప్రవర్తనను కొలవాలి. "సుఖవ్యాధి" అన్న మాటను నిఘంటువునుంచి మనం తీసివెయ్యలేము. మన రచనల్లోనుంచి తీసివెయ్యగలము. దానితోపాటు, ఆ మాట వెనక దాక్కున్నవాడి చూపును కూడా తీసివెయ్యగలిగితే, అప్పుడు ఆ పేరులేని ఆడదానికి కథలో ఒక పేరు పెట్టటానికి మనకు అర్హత వస్తుంది.