కొట్టు చిన్నది, గోదాం పెద్దది

2004 ప్రాంతంలో నా చేతి కింద ఉన్న ఒక సర్వర్‌లో 16 గిగాబైట్ల మెమరీ ఉండేది. ఆ రోజుల్లో అది జమీందారీ కిందే లెక్క. అయినా ఓ అర్ధరాత్రి లైనక్స్ కెర్నెల్ మెమరీ చాలడం లేదంటూ డేటాబేస్‌ను చంపేసింది. తీరా మెమరీ లెక్కలు తెరిచి చూస్తే, హైఫ్రీ అన్న వరుసలో గిగాబైట్లకు గిగాబైట్లు మూలుగుతున్నాయి. దాని కిందే లోఫ్రీ దగ్గర మాత్రం అడుగంటిపోయింది. విస్తరి నిండా అన్నం పెట్టుకుని పస్తున్నట్టుంది వ్యవహారం.

కథ 32 బిట్ల దగ్గర మొదలవుతుంది. అన్ని బిట్లున్న చిరునామాతో 4 గిగాబైట్ల దాకానే లెక్కపెట్టగలం. 1985లో ఇంటెల్ 386 వచ్చినప్పుడు అంత మెమరీ కొనేదెవరు? లైనక్స్ ఆ 4 గిగాబైట్ల చిరునామాలను వాటాలు వేసింది. 3 ప్రోగ్రాముకు, 1 తనకు. తన వాటాలో 896 మెగాబైట్ల మేర అసలు మెమరీని శాశ్వతంగా పరిచేసుకుని, మిగతా 128ని ఇతర అవసరాలకు అట్టిపెట్టుకుంది. కిరాణా కొట్టులో షావుకారు లేవకుండా చెయ్యి చాస్తే అందే అరలు ఈ 896. అంతకు మించిన సరుకంతా వెనక గోదాంలో పడి ఉంటుంది.

1995లో పెంటియం ప్రో ఫిజికల్ అడ్రస్ ఎక్స్‌టెన్షన్ అనే వెసులుబాటు తెచ్చింది. పొట్టిగా పీఏఈ. అసలు మెమరీ చిరునామా 36 బిట్లకు, అంటే 64 గిగాబైట్లకు పెరిగింది. తిరకాసేమిటంటే, ప్రోగ్రాములూ కెర్నెలూ వాడే చిరునామా మాత్రం 32 బిట్ల దగ్గరే ఉండిపోయింది. గోదాం పెరిగింది గానీ షావుకారు చెయ్యి పెరగలేదు.

2001 జనవరిలో వెలువడిన 2.4 కెర్నెల్ దీనికి చెప్పిన జవాబు హైమెమ్. ప్రోగ్రాముల సొంత డేటాకు పెద్దగా గొడవ లేదు. ఏ చిరునామాలో ఏ మెమరీ ఉందో చెప్పే వాటి పేజీ టేబుళ్లు నేరుగా గోదాం సరుకునే చూపిస్తాయి. కెర్నెల్ స్వయంగా ముట్టుకోవలసి వచ్చినప్పుడే చిక్కు. ఫైలు తాలూకు ఒక పేజీ, అంటే 4 కిలోబైట్ల మెమరీ ముక్క, ఎక్కడో పదో గిగాబైటులో ఉందనుకోండి. కెర్నెల్ దగ్గర దానికి చిరునామానే లేదు. అందుకని కేమ్యాప్‌ను పిలుస్తుంది. పీఏఈ కెర్నెల్‌లో ఇందుకోసం 512 గళ్లుంటాయి. గడికి 4 కిలోబైట్లు, మొత్తం కలిపి 2 మెగాబైట్లు. ఖాళీ గడి వెతికి, ఆ పేజీ నంబరు అందులో రాసి, చిరునామా చేతికిస్తుంది. పని కాగానే కేఅన్‌మ్యాప్. గళ్లన్నీ నిండి ఉంటే అడిగినవాడు నిద్రపోయి కాచుకోవలసిందే. నిద్రపోయే వీలు లేని పనులకు ప్రాసెసర్‌కు కొన్ని చొప్పున వేరే గళ్లు కేటాయించారు.

ఇందులో నాకు ముచ్చటేసే పనితనం ఒకటుంది. గడి వదిలేసిన వెంటనే దాన్ని చెరిపెయ్యరు. పాత చిరునామా ప్రతి ప్రాసెసర్ జ్ఞాపకంలోనూ ఉండిపోవచ్చు, దాన్ని తుడిపించడం ఖరీదైన పని. అందుకని గళ్లన్నీ ఒక చుట్టు తిరిగొచ్చాకే ఒక్కసారిగా తుడుస్తారు. తిన్న కంచం తిన్నట్టే కడగకుండా అంట్లన్నీ తొట్టిలో వేసి ఒకేసారి తోమినట్టు.

ఇంత చేసినా అసలు దెబ్బ పద్దు పుస్తకం దగ్గర తగిలింది. ప్రతి 4 కిలోబైట్ల పేజీకీ కెర్నెల్ ఒక పద్దు రాసుకుంటుంది. ఆ పుస్తకం చేతికందే అరల్లోనే ఉండాలి. పద్దుకు 32 బైట్లనుకున్నా, 16 గిగాబైట్లకు 128 మెగాబైట్లు. అదే 64 గిగాబైట్లయితే కోటీ 67 లక్షల పైచిలుకు పద్దులు, 512 మెగాబైట్లు. 896లో సగానికి పైగా పుస్తకమే మింగేస్తే ఇక షావుకారు కూర్చునేదెక్కడ? కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మెమరీ చేర్చినకొద్దీ కెర్నెల్‌కు ఊపిరాడదు. ఫైళ్ల వివరాలు రాసుకునే ఐనోడ్లూ ఆ అరల్లోనే ఇరుక్కోవాలి. మా సర్వర్ ప్రాణం తీసింది అవే, రాత్రిపూట బ్యాకప్ తాకిన లక్షలాది ఫైళ్ల ఐనోడ్లు.

2003లో కెర్నెల్ డెవలపర్ ఇంగో మోల్నార్ 4జీ/4జీ అనే మార్గం చూపించాడు. వాటాలు మానేసి ప్రోగ్రాముకూ కెర్నెల్‌కూ చెరో 4 గిగాబైట్లు ఇవ్వడం. రెడ్ హ్యాట్ దాన్ని హ్యూజ్‌మెమ్ కెర్నెల్‌గా అందించింది. కానీ ప్రోగ్రాము కెర్నెల్‌ను పిలిచిన ప్రతిసారీ పేజీ టేబుళ్లు మార్చాలి, ప్రాసెసర్ దాచుకున్న చిరునామాలు పారబోయాలి. ఈ భారం భరించలేమని అప్పట్లో చాలామంది ముఖం చిట్లించారు. 2018లో ప్రాసెసర్లలో మెల్ట్‌డౌన్ లోపం బయటపడ్డాక 64 బిట్ల యంత్రాల్లోనూ దాదాపు ఇదే మందు మింగాల్సి వచ్చింది, ఈసారి భద్రత కోసం.

పీఏఈ అంటే లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కు ఒళ్లు మంట, ఆ సంగతి ఆయన దాచుకోలేదు. డొంకతిరుగుడు పని అన్న మాటా నిజమే. అయితే 2003లోనే 64 బిట్ల ఆప్టెరాన్ ప్రాసెసర్‌ను ఏఎండీ తెచ్చినా, అందరూ మర్నాడే పాత సర్వర్లు పారేసి కొత్తవి కొనుక్కోలేదు. ఆ మధ్యకాలాన్ని కేమ్యాప్ తెరిచిన ఈ 2 మెగాబైట్ల కిటికీయే గట్టెక్కించింది.

2025లో ఎక్స్86 కెర్నెల్ నుంచి 64 గిగాబైట్ల హైమెమ్‌ను తొలగించారు. ఫైల్ సిస్టమ్‌ల కోడ్ తెరిస్తే మాత్రం కిటికీ తెరిచే పిలుపు, మూసే పిలుపు కేమ్యాప్ లోకల్ పేరుతో ఇంకా కనిపిస్తాయి. మెమరీ అంతా చేతికందే 64 బిట్ల యంత్రం మీద తెరిచే పిలుపు ఉన్న చిరునామానే తిరిగి ఇస్తుంది. మూసే పిలుపుకు మూయడానికేమీ ఉండదు.