ముందు వేగం, తర్వాత స్థానం

సూర్యుడి చుట్టూ భూమిని తిప్పే ప్రోగ్రాం చాలా చిన్నది. పైథాన్‌లో రాస్తే ఒక పేజీ కూడా నిండదు. గ్రహం ఎక్కడుందో చెప్పడానికి రెండు సంఖ్యలు, ఎటువైపు ఎంత జోరుగా పోతోందో చెప్పడానికి ఇంకో రెండు చాలు. కక్ష్య ఒకే తలంలో ఉంటుంది కాబట్టి మూడో దిక్కుతో పనిలేదు. గ్రహం ద్రవ్యరాశి కూడా అడగక్కర్లేదు, అది సమీకరణంలో రెండువైపులా ఉండి కొట్టుకుపోతుంది.

కొలతల ఎంపికలోనే మొదటి నేర్పు కనిపిస్తుంది. మీటర్లు, సెకన్లు పెట్టుకుంటే తెర నిండా సున్నాలే. సూర్యుడికీ భూమికీ మధ్య సగటు దూరాన్ని, అంటే సుమారు 15 కోట్ల కిలోమీటర్లను, 1 అనుకోవాలి. ఏడాదిని 1 అనుకోవాలి. భూమి ఏడాదికో చుట్టు తిరుగుతుంది కనక దాని వేగం 2π అవుతుంది. గురుత్వ స్థిరాంకాన్ని సూర్యుడి ద్రవ్యరాశితో గుణిస్తే వచ్చేది 4π², సుమారు 39.48. ఈ లెక్కకు సంబంధించినంతవరకు సూర్యుడంటే ఆ ఒక్క సంఖ్యే.

ఇక మళ్లీ మళ్లీ తిరిగే భాగంలో ఉండేవి మూడు లైన్లు. మొదటిది త్వరణం: 39.48ని దూరం వర్గంతో భాగించి, దిశను సూర్యుడి వైపు పెట్టాలి. రెండోది స్థానం: ఉన్న వేగంతో ఒక రోజులో ఎంత జరుగుతుందో అంత జరపాలి. మూడోది వేగం: త్వరణం ఒక రోజులో ఎంత మారుస్తుందో అంత మార్చాలి. 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ చెప్పిన పద్ధతి ఇదే. చూడ్డానికి ఏ లోపమూ కనిపించదు. కానీ నడిపితే భూమి మొదలైన చోటికి తిరిగి రాదు. ఏడాదిలో సూర్యుడికి సుమారు 18 శాతం దూరం జరుగుతుంది. నాలుగేళ్లు నిండేలోపే అంగారకుడి సగటు దూరాన్ని చేరుకుంటుంది. రోజుకు బదులు గంట పెడితే జారుడు తగ్గుతుందే తప్ప ఆగదు, ఎప్పుడూ బయటివైపే.

ఇప్పుడు రెండో లైనునూ మూడో లైనునూ తారుమారు చేయండి. ముందు వేగం మార్చి, ఆ కొత్త వేగంతో స్థానాన్ని జరపండి. ఒక్క గుణకారం కూడా పెరగలేదు. అయినా భూమి కక్ష్య మూసుకుంటుంది, వెయ్యేళ్లు తిప్పినా బయటికి జారదు.

కారణం 1687లో వచ్చిన న్యూటన్ ‘ప్రిన్సిపియా’ మొదటి భాగంలో, మొట్టమొదటి ప్రతిపాదనలోనే ఉంది. న్యూటన్ అక్కడ మొదట వంపు గీయలేదు, సరళరేఖల ముక్కలు గీశాడు. గ్రహం కాసేపు తిన్నగా పోతుంది, ఆ ముక్క చివర సూర్యుడు దాన్ని తనవైపు ఒక్క గుంజు గుంజుతాడు, మళ్లీ తిన్నగా పోతుంది. తిన్నగా పోయేటప్పుడు సమాన కాలాల్లో ఏర్పడే త్రిభుజాలకు భూములు సమానం, శీర్షం ఒకటే, కాబట్టి వైశాల్యాలూ సమానం. గుంజు సరిగ్గా సూర్యుడి దిశలోనే పడుతుంది గనక ఆ వైశాల్యాన్ని మార్చలేదు. సమాన కాలాల్లో సమాన వైశాల్యాలన్న కెప్లర్ నియమం అలా తేలింది. మన ప్రోగ్రాంలో వేగం లైను ఆ గుంజు, స్థానం లైను ఆ తిన్నని నడక. అందుకే అడుగు, అంటే ఒక్కో లెక్కకు తీసుకునే కాలం, ఎంత పెద్దదైనా ఈ నియమం చెడదు. పాత వరసలో జరిగిన పొరపాటు ఇప్పుడు తెలుస్తుంది: గ్రహం కొత్త చోటికి వెళ్లిపోయాక, పాత చోటునుంచి లెక్కగట్టిన దిశలో గుంజుతున్నాం. ఆ గుంజు సూర్యుడి మీదుగా పోదు, కొంచెం ముందుకు తోస్తుంది.

దీనికి ఇంకో మెరుగు ఉంది. వేగాన్ని అడుగుల మధ్యలోనూ స్థానాన్ని అడుగుల చివరా లెక్కగట్టడం. భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ 1960ల మొదట్లో కాల్టెక్ విద్యార్థులకు చేతి లెక్కతో ఒక గ్రహాన్ని ఇరవై పైచిలుకు అడుగుల్లో అర చుట్టు తిప్పి చూపింది ఇలాగే. ధ్రువకాంతుల్ని సృష్టించే విద్యుదావేశ కణాల దారుల కోసం స్టోర్మర్ అనే శాస్త్రవేత్త, ద్రవ ఆర్గాన్ పరమాణువుల కోసం 1967లో వెర్లే అనే ఇంకో శాస్త్రవేత్త వాడినదీ ఈ కుటుంబంలోదే. తారుమారు చేసిన ప్రోగ్రాంతో పోలిస్తే తేడా అల్లా మొట్టమొదట వేసే అర గుంజు. ఆ కాస్తకే, అడుగును సగం చేస్తే దోషం పావువంతుకు పడిపోతుంది.

లోపం లేదని కాదు. దీర్ఘవృత్తపు పొడవాటి అక్షం తనంతట తాను నెమ్మదిగా తిరుగుతుంది. బుధుడి కక్ష్యలో శతాబ్దానికి 43 ఆర్క్‌సెకన్ల తిరుగుడు కోసం ఇందులో వెతికితే దొరికేది ఐన్‌స్టైన్ సాపేక్షత కాదు, మన అడుగు పొడవు. సూర్యుడికి దగ్గరైనప్పుడు అడుగు తగ్గిద్దామని చాలామందికి తోస్తుంది. ఎడాపెడా అలా మారిస్తే గ్రహం శక్తి నిలకడగా ఉండక, కక్ష్య మళ్లీ జారడం మొదలవుతుంది.

బృహస్పతిని చేర్చాక సూర్యుణ్ణి కూడా కదలనివ్వాలి. ఆ ఇద్దరి ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం సూర్యుడి కేంద్రానికి సుమారు 7,42,000 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. సూర్యుడి వ్యాసార్ధం 6,96,000 కిలోమీటర్లే, అంటే ఆ బిందువు సూర్యుడి బయట పడుతుంది. మొదట్లో సూర్యుడికి ఎదురు వేగం ఇవ్వకపోతే కుటుంబం మొత్తం తెర దాటి పోతుంది. దాదాపు ఏ తేదీకైనా గ్రహాల స్థానాలూ వేగాలూ నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ వారి హొరైజన్స్ అనే ఆన్‌లైన్ సేవ ఉచితంగా ఇస్తుంది.

మీరూ రాసి చూడండి. గుండ్రంగా తిరుగుతోందని బొమ్మను నమ్మేయకండి. ఒక్క గ్రహంతో మొదలుపెట్టి, సమాన వైశాల్యాల నియమాన్ని ఒకే సంఖ్యలో చెప్పే కోణీయ ద్రవ్యవేగాన్ని ప్రతి వంద అడుగులకూ తెరమీద వేయించండి. ఆ సంఖ్య పన్నెండో అంకె దాకా కదలకూడదు. కదిలిందంటే లైన్ల వరసను ఒకసారి చూసుకోండి.